కావచ్చు

తవిటమ్మ పేగు ముక్క
మైనం దిమ్మలో గోరంత.
శ్రీకాకుళం పెద్దాసుపత్రి ల్యాబులో
నేనే కోశాను, ఉల్లిపొర కన్నా పలచగా.

రంగు పట్టాక గులాబీ, ఊదా.
డాక్టరుగారు వంగి చూసి
"పాత వైరస్ ఏదో దీని వెనక ఉండొచ్చు,
ఇంకా తేలలేదు" అన్నారు.
రిపోర్టులో ఆ మాటకి గడి లేదు.

బయట బల్ల మీద సూరప్పడు,
పలాస జీడిపిక్కల జిడ్డుకి నల్లబడ్డ వేళ్లు,
ఒక్కటే అడిగాడు:
"అంటుకుంతాదేటి బావూ?
నిన్నటి దాకా ఒక్క కంచాన్నే తిన్నాం."

అంటదు, అన్నాను.
అన్నాక గొంతులో ఏదో అడ్డం తిరిగింది.
ఏ వానాకాలమో, ఎవరి చేతి నుంచో,
చిన్న జ్వరంలా కూడా తెలీకుండా దూరి
ముప్పై ఏళ్లు అద్దె కట్టకుండా
కూర్చున్నవాడెవడు?
లేక ఎవడూ లేడా,
ఖాళీ గదిలో చప్పుడు మనమే వింటున్నామా?

సూరప్పడు సగం తాగిన టీ గ్లాసు
ఆమెకందించాడు.
తవిటమ్మ అదే అంచున పెదవి ఆనించింది.

లోపలికొచ్చి దిమ్మ మీద నంబరు
చెరగని సిరాతో మళ్లీ దిద్దాను.
ఇరవై ఏళ్లకైనా
ఎవరో ఒకరు అడగొచ్చు.