గురువారం ముక్కలు

మెరిసేదాన్ని కొలవడం కష్టం.
అది తన్ను తాను చూపదు,
ఎదురుగా ఏముంటే దాన్నే చూపుతుంది.

టుట్‌లింగెన్‌లో మా గదికి కిటికీ లేదు.
బల్ల మీద కోబాల్టు క్రోమియం మోకాలు,
ఇంకా ఎవరి ఒంట్లోకీ వెళ్ళనిది.
మొదటివారం దాని మీద దీపం వేశాను:
కెమెరాకి కళ్ళు బైర్లు కమ్మాయి.
తెల్లపొడి చల్లాను,
కాసేపటికి దానంతటదే గాలైపోయే పొడి,
వేసవిలో ఈ ఊరి ఎగువన డాన్యూబ్
చెప్పాపెట్టకుండా నేలలోకి ఇంకిపోయినట్టు.

మెరుగుపెట్టే రోస్విత తొంగిచూసి అంది:
"నువ్వు కొలిచింది మంచుని. పొలాన్ని కాదు."
నిజమే. పొడి మందం ఎనిమిది మైక్రాన్లు.
నేను వెతికే గీతకి ఒక్క మైక్రాన్ లోతు కూడా లేదు.

అప్పుడు చారలు నేర్చుకున్నాను.
తెర మీద నలుపు, తెలుపు, నలుపు,
మగ్గానికి బిగించిన పడుగులా తిన్నగా.
మోకాలు వాటిని తీసుకుని వంచి తిరిగిస్తుంది.
ఎక్కడ ఎంత వంగాయో చూసి వాలు కడతాం,
వాలుల్ని కూడి ఎత్తు కడతాం.
లోహాన్ని చూసినవాళ్ళు ఇక్కడ ఎవరూ లేరు.
తిన్నని మాటని అది ఎంత వంకరగా చెప్పిందో
అదొక్కటే మా ఆధారం.

ఒకరోజు పటంలో లేని గుట్ట లేచింది.
మూడుసార్లు తుడిచాను, మూడుసార్లూ లేచింది.
అది నా తెల్ల చొక్కా.
ఆనాటినుంచి నల్లబట్టలే.
క్యాంటీన్‌లో అడిగారు, ఎవరు పోయారని.

గురువారం ముక్కల్లో మాత్రం ఓ అల.
వెంట్రుకని నిలువునా రెండువందలుగా చీలిస్తే
అందులో ఒక్క పోగంత.
హద్దుల్లోనే ఉంది, పాసైపోతుంది.
అయినా కాగితం పట్టుకుని కిందికి దిగాను.
రోస్విత చక్రం ముందు ఎడమకాలి మీద నిలబడి ఉంది,
కుడికాలు చెక్కపెట్టె మీద ఆన్చి.
కాగితం చాలాసేపు చూసింది.
"బుధవారాలు ఫిజియోథెరపీ. మర్నాడు నొప్పి ఎక్కువ."
మళ్ళీ చక్రం తిరిగింది.

ఇంత మెరుపూ పోయేది చీకట్లోకే,
కండ కిందికి, చర్మం కిందికి,
ఎవరూ ముఖం చూసుకోని చోటికి.
చూపడానికి అక్కడ దాని ఎదుట ఏమీ ఉండదు.
నడుస్తుంది, అంతే.

నవంబరులో ఆమె సెలవు పెట్టింది.
ఆపరేషన్ ఏ ఊళ్ళోనో చెప్పలేదు, నేనూ అడగలేదు.
ఆ నెల పంపాల్సిన పెట్టెల్లోంచి
గురువారం ముక్కల్ని ఏరి
మళ్ళీ తెర ముందు పెట్టాను,
ఎవరూ చెప్పకపోయినా,
నల్లచొక్కా గుండీలు మెడదాకా పెట్టుకుని.