ఎర్రనీళ్లు

పత్తికొండ టమోటా మార్కెట్లో హమాలీ మద్దిలేటి.
పద్దెనిమిదేండ్లు గ్యాసనుకున్యాడు.
రొమ్ముకింద మంటకు
వంటసోడా, గోలీసోడా,
బాషా అంగట్లో తెల్లమాత్ర.

కర్నూలు పెద్దాసుపత్రి, మా ల్యాబు.
గొట్టం తెచ్చిన ముక్క, నువ్వుగింజంత,
పసుప్పచ్చ చుక్కలో వేస్తి.
టీ చల్లారకముందే
గులాబి ఎక్కింది.

పసుపులో సున్నం పడినట్టే.

ఆ పొద్దున గేటుకాడ
సుంకులమ్మ మొగునికి ఎర్రనీళ్లు దిష్టితీసి
కాలవలో పారబోయడం చూసినా.
ఏ కండ్లూ తగల్లేదమ్మా, అనలేదు నేను.
పుల్లటి కడుపులో
తన సున్నం తానే చేసుకొని బతికే పురుగు,
మెలికలు తిరిగినది,
చిన్నప్పుడెప్పుడో
ఎవరి చేతిముద్దలోనో, చెంబునీళ్లలోనో దిగింటుంది.
పుండు ఏ రాత్రి గడ్డయిందో
దానికీ తెలిసుండదు.

పద్నాలుగు దినాల మందులకు పురుగు చస్తుంది.
గడ్డ వినదు.
ఆ మాట డాక్టరు చెప్తాడులే అని
కాగితం మాత్రం చేతికిస్తి.

ఆమె దాన్ని చూడనే లేదు.
"ఒక్క తట్టలోనే తింటాం సారూ, ఇంటిల్లిపాదీ"
అంటా
చంకలో మనవరాలిని బల్లమీద కూచోబెట్టి
నా ముందర
నోరు తెరిపించింది.