కాయం

సిరొంచ తహసీలు వెనక రేకుల షెడ్డులో
ఉచిత న్యాయం. బుధవారం, శుక్రవారం.
వకీలు ఉరకుడే బాయిది వార్ధా,
ఆమెకు తెలుగు రాదు.
వచ్చేవాళ్లలో సగం మందికి మరాఠీ రాదు.
మధ్యలో ప్లాస్టిక్ స్టూలు మీద నేను,
ఇటు మాట అటు మోసేవాణ్ణి.
రోజుకు మూడొందల యాభై, చాయ్ వేరే.

జాడి ఓదెమ్మ వచ్చింది
మిర్చి ఏరిన చేతుల్ని కొంగులో దాచుకుని.
కూర్చోమంటే కూర్చోలేదు.
పోయిన వానకాలం ప్రాణహిత ఇల్లు తీసుకపోయింది.
సర్కారు ఇల్లు కావాలంటే
రహివాసి దాఖలా తెమ్మన్నాడట తలాఠి.
"ముప్పై ఎనిమిదేండ్ల సంది ఈడనే ఉన్న.
ఉన్న దాఖలా తే అంటడు.
నేనే ఒచ్చి నిలబడ్డ గద తమ్మీ,
ఇంకేం దాఖలా?"

ఈ మాట నేను అటు మోయలేకపోయాను.
వాళ్లకు దాఖలా అంటే ముద్ర పడ్డ కాగితం,
మనకు దాఖలా అంటే ఆనవాలు.
రెండూ ఒకటే అయితే ఆమె ఈ షెడ్డుకు వచ్చేదే కాదు.

రేషన్ కార్డు నదిలో.
ఓటు కార్డుకు ఆరేళ్ల వయసు.
ఆధార్‌లో అవతలి ఒడ్డు అడ్రసు,
తల్లిగారి ఊళ్లో క్యాంపు పడ్డప్పుడు దిగిందట.

వకీలమ్మ ఫారం మీద పెన్ను ఆనించి అడిగింది:
"కాయమ్‌చా పత్తా?"
నేను నోరు తెరిచేలోపే ఓదెమ్మ అందుకుంది.
"కాయమా? తిన్న. నాలుగు కాన్పులకు తిన్న.
శొంఠి, పిప్పళ్లు, బెల్లం, మా అత్తనే దంచింది.
ఉండకింత నెయ్యి సుత ఏసింది.
ఎందుకు, బాయికి ఒంట్ల మంచిగ లేదా?"

నేను నవ్వాను. స్టాంపుల పెంటయ్య నవ్వాడు.
మీకు కాయం అంటే శాశ్వతం,
మాకు బాలింత మందు అని చెప్పేసరికి
వకీలమ్మ నవ్వబోయి సగంలో ఆగింది.
"నాలుగు కాన్పులూ ఈ ఊళ్లోనేనా?
ఏ ఏడు? అడుగు, ఏ ఏడు?"

ఓదెమ్మ దగ్గర ఏడాదులకు అంకెల్లేవు.
పెద్దది, వాడంత మునిగిన ఏడు.
రెండోడు, తునికాకు కళ్లం కాలిన ఏడు.
చిన్నోడు, బోరింగు పడ్డ ఏడు.
"మూడోది లెక్కలకు రాదు తమ్మీ."
అదీ తర్జుమా చేశాను.
చేయకుండా ఉండాల్సిందేమో.

నెలన్నర పట్టింది.
పంచాయితీ పాత బుక్కులు,
చెదలు తినగా మిగిలినంత.
జాడి మల్లేశుకు ఆడపిల్ల.
జాడి మల్లేశుకు మగపిల్లాడు.
జాడి మల్లేశుకు మగపిల్లాడు.
తల్లి గడిలో గీత, మూడుసార్లూ,
నొప్పులన్నీ మల్లేశే పడ్డట్టు.

మూడోది చావుల బుక్కులో దొరికింది.
పేరు గడి ఖాళీ.
వయసు తొమ్మిది రోజులు.
ఆ పొద్దు మల్లేశు కూలికి పోయి ఉంటాడు.
కబురు చెప్పిందెవరు అన్నచోట
గ్రామసేవకు రాసిపెట్టాడు:
ఓదాబాయి, తల్లి, రాహణార్ ఇదే ఊరు.
పక్కన వేలిముద్ర.

ఓదాబాయి, ఓదెమ్మ ఒక్కరే అని
అఫిడవిట్ నేనే టైపు కొట్టాను.
రెండు పేర్ల మధ్య కామా పెట్టాలో వద్దో తెలియక
వకీలమ్మను రెండుసార్లు అడిగాను.

దాఖలా వచ్చింది.
ఇంటిపేరులో దీర్ఘం పోయింది,
నడుస్తుందిలే అంది వకీలమ్మ.
ఓదెమ్మ దాన్ని చూడను కూడా చూడలేదు,
చిన్నోడి చేతికిచ్చింది.
"ఆ చెదల కాగితం జిరాక్సు ఉన్నదా?"

ఇచ్చాను.
తన పేరు ఏదో చూపమంది, చూపాను.
"మరి దానిది?"
ఖాళీ గడి మీద వేలు పెట్టాను.
అక్కడే తన వేలూ పెట్టి
ఎంతసేపో తీయలేదు.
బయట వరుసలో ఎవరో దగ్గారు.

మడిచి రొండిన దోపుకుని
బిళ్ల తీసి బల్ల మీద పెట్టింది, రెండు రూపాయలు.
ఇక్కడ అంతా ఉచితం ఓదెమ్మా, అన్నాను.
"ఇల్లుకు గానీయ్.
దీనికి ఉట్టిగ ఒద్దు."