బీగం

అంబత్తూరు ఎస్టేట్‌లో పెయింట్ల ఫ్యాక్టరీ.
రంగులు కలిపే యంత్రం పక్కన
ఓ ముసలి కంప్యూటరు.
మానిటర్ అంచున ఎండిపోయిన గంధం
ఎన్ని ఆయుధపూజలదో.

దానికి కొత్త భాష ఎక్కించమని నన్ను పంపారు.
సోర్సు విప్పి, కన్ఫిగర్ కొట్టాను.
జనాభా లెక్కలవాడిలా మొదలెట్టింది:
ఫలానా హెడర్ ఉందా? లేదు.
నానోసెకన్లు చెప్పే గడియారం ఉందా?
లేదు.
ఎనిమిది బైట్ల అంకె? లేదు.
సి కంపైలర్ పనిచేస్తుందా?
కాసేపు ఏమీ అనలేదు.
పనిచేస్తుంది.
నాకు ప్రాణం లేచొచ్చింది.

మధ్యాహ్నం దాకా పథ్యం రాసే వైద్యుడిలా
ఇది వద్దు, అది వద్దు అంటూ కూర్చున్నాను.
అయినా నూట నలభై రెండో ఫైలు దగ్గర
మొండికేసింది.
గదినిండా టిన్నర్ వాసన.

ఆపరేటర్ మునిరత్నం టీ తెచ్చాడు.
"ఇంకా ఎంత పొద్దయితాదప్పా?"
మీది తెలుగా?
"ఇంట్లో మాట్లాడేది అదే. రాసేది రాదు.
బీగం ఆడ పెట్టుండా,
పోయేటప్పుడు వేసుకో."

బీగం.
మా నాయనమ్మ కొంగుముడిలో ఉండేది ఆ మాట.
నేను ఏ వెర్షన్‌లో పారేసుకున్నానో.

గడియారం లేని చోట
పాత సెకన్లతోనే నెట్టుకొచ్చే నాలుగు లైన్లు
చేత్తో రాసి మళ్ళీ వదిలాను.
ఏడున్నరకి టెస్టులు.
మూడు తప్పాయి, వాటి జోలికి పోలేదు.
ఒకటీ ఒకటీ ఎంతని అడిగితే
రెండు, అంది ముసలిది.

లైట్లార్పి బయటికొచ్చాను.
బీగం మొదట పడలేదు.
కాస్త ఎత్తిపట్టి నొక్కాలని
నాకెవరూ చెప్పలేదు.