పదును

రాజేంద్రనగర్‌లో రేకుల షెడ్డు కింద
పద్దెనిమిది మీటర్ల సిమెంటు తొట్టి.
దాన్నిండా తాండూరు వైపు నుంచి లారీలో వచ్చిన నల్లరేగడి.
పదకొండేళ్లుగా దున్నుతూనే ఉన్నారు.
ఒక్క గింజా వేయలేదు.

పట్టాల మీద ట్రాలీ కదులుతుంది. కర్రు దిగుతుంది.
తెర మీద గీత లేస్తుంది, వణుకుతుంది,
ఒక్కసారి కూలబడుతుంది.
అక్కడ మట్టి విరిగిందన్నమాట.

పొడి మట్టి పెంకులా పగులుతుంది,
కర్రు కంటే ముందే పరుగెత్తుతుంది బీట.
ఎటు పోతుందో ఏ సూత్రమూ నాకింకా చెప్పలేదు.
కాస్త తడి ఉంటే వాలుగా తెగి
పలక మీద పలక జారుతుంది,
కోఠీ ఫుట్‌పాత్ మీద ఒరిగిపోయే
పాత పుస్తకాల దొంతరలా.
ఇంకా తడిస్తే అసలు విరగదు.
ఒంగుతుంది, సాగుతుంది, ఇనుమును నాకుతుంది,
వెనకాల మళ్లీ మూసుకుంటుంది
ఏమీ జరగనట్టు.
మా పెద్దమ్మ ఒకావిడ అలాగే ఉండేది.

ల్యాబులో నర్సోజి.
వాళ్ల నాయన కొలిమి దగ్గర కర్రులు సాగగొట్టినవాడు.
నేను మట్టిని తూచి, ఓవెన్‌లో పెట్టి,
రేపటిదాకా ఆగాలి తడెంతో తెలియడానికి.
అతను పిడికెడు తీసి ఉండ చేసి
రొమ్ము ఎత్తు నుంచి వదిలేస్తాడు.
"పడితే పగలాలె మేడమ్, సితకొద్దు.
గప్పుడు పదునన్నట్టు."

అంటూ అంటూ నవ్వాడొకసారి:
"కర్రుకూ పదునంటరు, నేలకూ పదునంటరు.
రెండిటికి ఒక్కటే మాటెందుకని మా నాయన్నడిగిన.
ఏది మొండిగున్నా సచ్చేది ఎద్దే కదరా, అన్నడు."

ఆ రాత్రి హాస్టల్లో గ్రాఫులన్నీ మళ్లీ తీశాను.
కిలోన్యూటన్లలో రాసుకున్న ప్రతి శిఖరం కిందా
కాడి రాసుకుని కాయకాసిన మెడ ఒకటి.
నా థీసిస్‌లో దానికి కాలమ్ లేదు.

సోమవారం పొద్దున
పట్టా అంచున, తొట్టి మూలకి,
ఎవరి టిఫిన్ డబ్బాలోంచి రాలిందో, పెసర మొలక.
మెడ వంచి, వీపుతో మట్టి పెచ్చును
మూతలా పైకెత్తి నిలబడింది.
చుట్టూ వెంట్రుకంత బీట.
తెర సున్నా దగ్గరే ఉంది.

శంషాబాద్‌లో దిగబోయే విమానం
రేకుల్ని గడగడలాడించి పోయింది.
పది గంటలకు పరీక్ష. స్విచ్ మీద నా వేలు.
"చాయ్ తెస్త మేడమ్, నేనొచ్చినంక నడిపిద్దురు,"
అని వెళ్లాడు నర్సోజి.

క్యాంటీను షెడ్డు వెనకే.
ఆ రోజు అతను
మధ్యాహ్నం దాకా రాలేదు.