నాలుగో వంతు

కాలెర్వో తెచ్చిన తీగ
పాము కుబుసంలా మెరుస్తోంది.
ఖరీదు నాలుగు నెలల పింఛనట.
మా రౌనోది
పాత కుట్టుమిషన్ నుంచి ఊడబెరికిన వైరు.

తంపేరెలో ఈ నెల మూడింటికే చీకటి.
అయినా కిటికీ తెర దించి
పెన్సిళ్లు చెక్కుకుని కూర్చున్నారిద్దరూ.
నేను అలమర వెనక, మోకాళ్ల మీద,
టార్చి నోట కరుచుకుని
తీగలు మార్చే మనిషిని.

అదే చెల్లో. అవే ఆరు నిమిషాలు.
“ఇది కాస్త పొడిపొడిగా ఉంది.”
“ఇందులో వాయించేవాడి ఊపిరి కూడా వినిపిస్తోంది!”
ఊపిరి నాదే. దుమ్ము.

నాలుగో వంతుకి తికమకపడి
ఎడమ స్పీకరుకి ఏ తీగా తగిలించనేలేదు.
ఆహా, అన్నాడు కాలెర్వో.
గది వెడల్పయింది, అన్నాడు మా ఆయన.
చెరో తొమ్మిదిన్నర, పదికి.

నవ్వుతూ చెప్పబోయి లేచాను.
కాగితం మిల్లులో ముప్పై ఒక్క ఏళ్లు
ఆ రాకాసి రోలర్లకి
ఎడమ పక్క అప్పగించి నిలబడ్డవాళ్లు.
వెళ్లి కాఫీ పెట్టాను.

కింద వీధిలోకి మంచు తోసే బండి వచ్చింది.
ఇద్దరూ ఒక్కసారే
కుడి చెవి
కిటికీ వైపు తిప్పారు.