అరువు ములాకత్

బుధవారం పొద్దున్న
అంపోలు జైల్లో కుళాయి దగ్గర
ఎవడూ ఎవడి చెంబూ తన్నడు.
ములాకత్ ఉన్నవాళ్ళు రెండేసి సార్లు మొహం కడుక్కుంటారు.
లేనివాళ్ళు గోడకి తిరిగి పడుకుంటారు.
మా బేరక్‌ని నడిపేది లాఠీ కాదు,
పలాసలో ఆరింటికి బయల్దేరే బస్సు.

మడపాం దగ్గర వంశధార పొంగి
ఆ బస్సు రాని వారం
సాంబారులో ములక్కాడ ముక్క కోసం
రెండు తలలు పగిలాయి.
ఒకటి నాది.

తవిటమ్మ వస్తుంది.
జీడిపిక్కల బట్టీలో ఒక రోజు కూలి వదులుకుని,
కాంప్లెక్సులో దిగి, ఆటో మారి,
జాలీకి అటుపక్క నిలబడుతుంది.
జీడి రసం తిన్న వేళ్ళు
జాలీ కన్నాల్లో పెడుతుంది.
నల్లటి ఆ కొసలు నాలుగూ చాలు
నాకు వారానికి.

"మేక సూడి కట్టింది" అంటుంది.
"గుంటకి పదమూడో ఎక్కం వొచ్చీసింది" అంటుంది.
నేను చేసిన పని గురించి
ఇంతవరకూ అడగలేదు.
పదిహేను నిమిషాలకి గంట కొడతారు.
చెప్పాల్సింది అప్పుడే గుర్తొస్తుంది.

నా పక్క దుప్పటి బైరాగిది.
గట్టు తగాదాలో, సొంత తమ్ముణ్ణే.
ఇక వాడి కోసం బస్సెక్కేదెవరు?
కన్నతల్లి, చచ్చినోడికి కూడా తల్లే కదా.
మూడేళ్ళలో గేటు దగ్గర
వాడి పేరు ఒక్కసారీ పిలవలేదు.
కంచం విసిరేవాడు.
తలతో గోడని కొట్టేవాడు.

ఒక రాత్రి వాడే అడిగాడు,
"ఏటన్నాది మీ ఆడమనిషి?"
మేక ఊసు చెప్పాను.
చాలాసేపటికి, చీకట్లోంచి,
"ఏ రంగుది?"

ఆ తర్వాత బుధవారాలు
నాకన్నా ముందు వాడు మొహం కడుక్కునేవాడు.
కంచాలు విసరడం ఎప్పుడు మానేశాడో
ఏ రిజిస్టర్లోనూ ఎక్కలేదు.

తవిటమ్మకి చెప్పాను, నవ్వుతూ.
ఆవిడ నవ్వలేదు.
మరుసటి వారం చీటీ మీద
రెండో పేరు రాయించింది.
"నీకేమవుతాడు?" అన్నాడట గుమస్తా.
"అన్న" అందట.

నిజం చెప్పొద్దూ, నాకు మండింది.
నా పదిహేనులో సగం!
వాడు వచ్చి జాలీ ముందు నిలబడి
కాలివేళ్ళు చూసుకున్నాడు.
"తిన్నావేటన్నా?"
"ఆఁ."
అంతే. ఏడు నిమిషాలు.
ఆ రాత్రి మాత్రం
తెల్లారేదాకా మాట్లాడుతూనే ఉన్నాడు.
నిద్రపట్టక తిట్టాను కూడా.

ఇప్పుడు నాకు బెయిలొచ్చి నెల.
ఆరింటి బస్సులో కిటికీ పక్కన నేను.
రానూపోనూ ఛార్జీ ఎంతవుతుందో
అన్ని బుధవారాల్లో
ఒక్కసారీ అడగలేదు ఆవిణ్ణి.

చీటీలో 'బావ' అని రాయించాలి.
మేక ఈనింది, రెండు.
ఒకటి తల్లిలాగే నల్లది.
రెండోదాని రంగు
నా అంతట నేను చెప్పను.
వాడే అడగాలి.